ఫర్నేస్ మంటకు కాపలా ఎవరు?

మన ఊళ్ళో కట్టెల పొయ్యికి కాపలా అమ్మే. మంట తగ్గితే గొట్టంతో ఊదేది, పెరిగితే కట్టె వెనక్కి లాగేది. ఈ దేశంలో మన బేస్‌మెంట్లో ఉన్న గ్యాసు ఫర్నేస్ రాత్రంతా తనంతట తానే వెలుగుతూ, ఆరుతూ ఉంటుంది. మనం పైన హాయిగా నిద్రపోతాం. మరి ఆ మంటను చూసేదెవరు?

అసలు భయం మంట వల్ల కాదు. మంట లేకుండా గ్యాసు వస్తూండటం వల్ల. అలా పోగైన గ్యాసుకు ఒక్క నిప్పురవ్వ చాలు.

పాత ఫర్నేసుల్లో పైలట్ అనే చిన్న దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. దాని మంటలో థర్మోకపుల్ కొస ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలను అతికి, ఆ అతుకును వేడి చేస్తే స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. ఇక్కడ సుమారు 30 మిల్లీవోల్టులు. వాల్వును తెరిచి పట్టుకునే చిన్న అయస్కాంతానికి అదే ఆధారం. దీపం ఆరితే అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. కాని ఆ కొస చల్లబడేదాకా కొంతసేపు ఆగాలి.

కొత్త ఫర్నేసుల్లో పైలట్ లేదు. థర్మోస్టాట్ వేడి అడగగానే ముందు చిన్న ఫ్యాను తిరిగి పొగగొట్టంలోకి గాలి లాగుతుంది. గాలి సరిగా పోతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకున్నాకే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాసు వస్తుంది. మంటలో నిలిచిన సన్నని లోహపు కడ్డీయే అసలు కాపలాదారు. మంటలో అయాన్లు ఉంటాయి కనుక దానిగుండా విద్యుత్తు పారుతుంది. కడ్డీ చిన్నది, ఎదురుగా ఉన్న బర్నరు పెద్దది. అందుచేత ఏసీ కరెంటు ఇచ్చినా అది ఎక్కువగా ఒకే దిక్కుకు పారుతుంది. అది కొన్ని మైక్రోఆంపియర్లే. కడ్డీకి తీగ తగిలి షార్టయితే కరెంటు రెండు దిక్కులా పారుతుంది కనుక బోర్డు దాన్ని మంటగా నమ్మదు. కొన్ని సెకన్లలో మంట జాడ తెలియకపోతే వాల్వు మూతపడుతుంది. రెండుమూడు ప్రయత్నాలు విఫలమైతే ఫర్నేస్ తనకు తానే తాళం వేసుకుంటుంది.

మంట వెలిగి, కొద్ది సెకన్లకే ఆరిపోతూంటే తరచు తప్పు ఆ కడ్డీ మీది పొరదే. కరెంటు, గ్యాసు ఆపి, సన్నని స్టీల్ ఊలుతో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది.

ఒక జనవరి రాత్రి మా ఫర్నేస్ ఆగిపోయింది. బర్నర్ల పక్కనున్న రోలౌట్ స్విచ్ పడిపోయి ఉంది. మంట తన గదిలోంచి బయటికి వస్తే పడే స్విచ్ అది. ఫోనులో ఒక మిత్రులు, "దానికో తీగ కలిపేయండి గురువుగారూ, తెల్లారాక చూసుకోవచ్చు" అన్నారు. పిల్లలు చలికి వణుకుతున్నారు. చెయ్యి తీగ దాకా వెళ్ళింది కూడా. మా ఆవిడ వద్దంది. అందరం ఒకే గదిలో ఎలక్ట్రిక్ హీటరు పెట్టుకుని పడుకున్నాం. పొద్దున మెకానిక్ వచ్చి హీట్ ఎక్స్‌ఛేంజర్ పగుళ్ళు చూపించాడు.

ఒక్క మాట మరువకండి. ఈ కాపలాదారులెవరికీ కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియదు, మనకూ తెలియదు. పడకగదుల దగ్గర దానికి వేరే అలారం ఉండాలి. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా పిల్లలతో బయటికి నడవండి. ఫోను అక్కడినుంచే చెయ్యండి.

కాపలావాడు తలుపు మూశాడంటే కారణం అడగాలి గాని, వాణ్ణి కట్టిపడెయ్యకూడదు.