పుస్తకమూ కెమెరా కలిసి నడిచే చదువు

డిగ్రీ ముగించిన పిల్లలున్న ఇళ్ళలో ఏప్రిల్, మే నెలలు వస్తే ఒకటే మాట: తర్వాత ఏమిటి? బి.కాం. చదివితే సి.ఏ., ఎం.బి.ఏ., లేకుంటే బ్యాంకు పరీక్షలు. నేనూ ఆ దారిన వచ్చినవాణ్ణే. వేలూరులో బ్యాంకు అధికారిగా విద్యా రుణాల దరఖాస్తులు చూస్తుంటాను. ఇంజనీరింగుకూ నర్సింగుకూ వచ్చేవారికి కొదవ లేదు. మీడియా చదువుకని వచ్చేవారు అరుదు. వచ్చినా, పక్కన కూర్చున్న తండ్రి ముఖంలో "ఇదీ ఒక చదువేనా సార్?" అన్న ప్రశ్న కనిపిస్తుంది.

మూడేళ్ళ క్రితం ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. గుడియాత్తంలో ఉండే మా చెల్లెలి కూతురు బి.కాం. పూర్తి చేసి, మీడియా అధ్యయనంలో ఎం.ఏ. చేస్తానంది. "ఆడపిల్లను సినిమాల్లోకి పంపిస్తామా అన్నా?" అని చెల్లెలు. "నువ్వైనా చెప్పు మామా" అని పిల్ల. తీర్పు చెప్పే ముందు ఆ చదువులో ఏముందో తెలుసుకుందామని పాఠ్యప్రణాళికలు తెప్పించి చదివాను. నాకు తెలిసింది మన పాఠకులకు కూడా ఉపయోగపడుతుందని ఈ వ్యాసం.

రెండు సగాలు

ఈ చదువులో రెండు భాగాలుంటాయి. మొదటిది సిద్ధాంతం: ఒక వార్త, సినిమా, ప్రకటన ఎవరు తయారుచేస్తున్నారు, ఎవరి కోసం, చూసేవారు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారు అన్న విచారణ. రెండవది ఆచరణ: రాయడం, కెమెరా పట్టడం, మాటలు రికార్డు చేయడం, కూర్పు చేయడం.

సిద్ధాంతం అనగానే భయపడనక్కరలేదు. బ్రిటన్‌లో స్టువర్ట్ హాల్ అనే ఆచార్యుడు 1973లో ఒక సంగతి చెప్పాడు. సందేశం పంపినవారు అనుకున్న అర్థాన్నే చూసేవారు తీసుకోవాలని లేదు. కొందరు అలాగే ఒప్పుకుంటారు, కొందరు తమ పరిస్థితికి తగ్గట్టు సర్దుకుంటారు, కొందరు ఎదురు తిరుగుతారు. బ్యాంకు గోడ మీది నగల రుణం పోస్టరునే చూడండి. బొమ్మలో భార్యాభర్తలు నవ్వుతుంటారు. ఒకామె "బడి ఫీజుకు దారి దొరికింది" అనుకుంటుంది. ఇంకొకామె "గాజులైతే పెడతాను, తాళి గొలుసు మాత్రం తీయను" అంటుంది. మూడో ఆమె "నవ్వుతూ పుచ్చుకుంటారు, తర్వాత వేలం వేస్తారు" అని ముఖం తిప్పుకుంటుంది. కౌంటరు వెనుక ఏళ్ళ తరబడి కూర్చున్న నాకు ఈ ముగ్గురూ బాగా పరిచయం. హాల్ చెప్పింది వీళ్ళ గురించే.

మన నేల మీద

ఈ చదువు మనకు కొత్తది కాదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం జర్నలిజం విభాగాన్ని 1954లోనే ప్రారంభించింది. సిద్ధాంతమూ ఆచరణా కలిస్తే ఏమవుతుందో 1975లో మన పల్లెలే చూశాయి. ఆ ఏడు ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ చేరింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కార్యక్రమాలు తెలుగులోనూ వచ్చాయి. పెట్టెలు పంచి ఊరుకోలేదు. పరిశోధకులు పల్లెల్లో ఉండి, జనం ఏం చూశారు, ఏం గ్రహించారు అని పరిశీలించారు.

ఇంకో ఉదాహరణ జహీరాబాదు దగ్గర మాచనూరులోని సంఘం రేడియో. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 2008 అక్టోబరు 15న మొదలైంది. నడిపించేది దళిత మహిళలు. విత్తనాలు, సేద్యం, పాటలు అన్నీ వాళ్ళ యాసలోనే. మాట్లాడే హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు వాళ్ళు మైకు ముందు కూర్చుని జవాబు చెప్పారు.

గుడియాత్తంలో ఒక మగ్గం

చివరికి మా మేనకోడలు తిరుపతిలో చేరింది. కాట్పాడిలో రైలు మారితే చాలు, సెలవులకు ఇల్లు దూరం కాదు. రెండో ఏడు ప్రాజెక్టుకు ఊళ్ళోనే, ఇంట్లో తెలుగు మాట్లాడే ఒక లుంగీల నేత కుటుంబాన్ని ఎంచుకుంది. పెద్దాయనకు డెబ్బై దాటాయి. గుంట మగ్గంలో కూర్చుని మనవరాలితో తెలుగులో కబుర్లాడుతున్న మనిషి, కెమెరా తెరవగానే నిటారుగా కూర్చుని తమిళంలో ఉపన్యాసం మొదలుపెట్టాడట. బొమ్మలు బాగానే వచ్చాయి. కానీ చూపించినప్పుడు వాళ్ళ మేడం ఒక్కటే అడిగారు: "కెమెరా చూడగానే ఆయన భాష ఎందుకు మారింది?"

పిల్ల మళ్ళీ వెళ్ళింది. రెండు రోజులు కెమెరా సంచిలోనే ఉంచి, పక్కన కూర్చుని కండెలు చుట్టింది. మూడో రోజు పెద్దాయనే, "ఇంట్లో మాట్లాడుకునే మాట టీవీకి పనికొస్తుందా అమ్మా?" అని అడిగాడు. "అదే కావాలి తాతా" అంది. పడుగు, పేక, నాడె, అప్పు, వలస అన్నీ ఆ రోజు తెలుగులోనే వచ్చాయి.

దీనికి తెలుగులో వ్యాఖ్యానం రాయడానికి ఆమె చాలా కష్టపడింది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం క్రమంగా అమలై 2015-16కి పదో తరగతికి చేరింది. ఆ వరుసలో చదివిన మన పిల్లలు చాలామందికి తెలుగు నోట ఉంది, చేతిలో లేదు. తమిళం బాగా నేర్వడం మంచిదే, మనకు అన్నం పెట్టే నేల ఇది. ఇంటి మాట మాత్రం మనమే కాపాడుకోవాలి. పిల్ల తిరుపతి హాస్టల్లో రాత్రుళ్ళు గుణింతాలు దిద్దుకుని ఆ వ్యాఖ్యానం తానే రాసింది.

చేర్చే ముందు

తల్లిదండ్రులకు నా సలహాలు ఇవి. కళాశాలకు వెళ్ళి స్టూడియో చూడండి. దానికి తాళం వేసి ఉందా, పిల్లలు అందులో పని చేస్తున్నారా గమనించండి. పోయిన ఏడాది విద్యార్థుల ప్రాజెక్టులు చూపించమనండి. మీటలు నొక్కడం మాత్రమే నేర్పితే, యంత్రం మారిన నాడు ఆ నేర్పు పాతబడుతుంది. పుస్తకం మాత్రమే చెబితే, పని అడిగిన చోట చూపడానికి చేతిలో ఏమీ ఉండదు. రెండూ ఉంటేనే ఫీజు కట్టండి.

డబ్బు సంగతి. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా పథకం ప్రకారం 4 లక్షల రూపాయల వరకు విద్యా రుణానికి ఆస్తి తాకట్టు, మూడో మనిషి హామీ అక్కరలేదు. తల్లి గాని తండ్రి గాని సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది గడువు ఉంటుంది. వాయిదాలు లేకున్నా వడ్డీ మాత్రం ఆ రోజుల్లోనూ పెరుగుతుంది. ఈ మాట మరవకండి.

మా పిల్ల ఇప్పుడు చెన్నైలో ఒక చిన్న సంస్థకు డాక్యుమెంటరీలు రాస్తోంది. వచ్చేది ఇంజనీరు జీతం కాదు. వచ్చే నెల నుంచి వాయిదాలు మొదలవుతాయి. లెక్క వేశాను, జాగ్రత్తగా ఉంటే కట్టగలదు. ఆ పెద్దాయన పోయిన కార్తీకంలో కాలం చేశాడు. ఇరవై నిమిషాల ఆ చిత్రాన్ని పదో రోజున ఇంట్లో అందరూ కూర్చుని చూశారు. ఆయన గొంతు వాళ్ళ దగ్గర ఉన్నది అదొక్కటే. మన ఇళ్ళలోనూ అలాంటి పెద్దలున్నారు. మీ అమ్మాయో అబ్బాయో ఈ చదువు చదువుతానంటే, కాదనే ముందు ఒకసారి ఆలోచించండి.