వచ్చే పంటకు ఏ విత్తనం?

పిల్లలూ, కోతలు అయిపోయి, కుప్పలు నూర్చి, ధాన్యం ఇంటికి చేరిందంటే రైతుకు ఇక కొన్నాళ్లు తీరికే అని మనం అనుకుంటాం. కాని అప్పుడే ఆయనకు ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. వచ్చే ఏడు ఏ విత్తనం వేయాలి? బడిలో లెక్క తప్పితే కొట్టివేసి మళ్లీ చేయవచ్చు. పొలంలో నాట్లు పడిన తరువాత “అయ్యో, ఈ రకం కాదే!” అనుకుంటే చేయగలిగింది ఏమీ లేదు. ఆ ఏటి తిండిగింజలూ, తీర్చవలసిన అప్పూ, పశువుల గడ్డీ అన్నీ ఆ ఒక్క నిర్ణయం మీదనే ఆధారపడి ఉంటాయి.

గోదావరి జిల్లాలలో వానకాలపు వరిని సార్వా అనీ, దాని తరువాత వేసే వరిని దాళ్వా అనీ అంటారు. తెలంగాణలో వానాకాలం, యాసంగి అంటారు. మనం ఇప్పుడు డెల్టాలోని సార్వా సంగతి చూద్దాం.

విత్తనాల సంచులమీద ఎం.టి.యు. 7029, బి.పి.టి. 5204 అని రైలుబండ్ల నంబర్లలాంటివి ఉంటాయి. వీటి కిటుకు తెలిస్తే చాలా సులభం. ఎం.టి.యు. అంటే పశ్చిమ గోదావరిలోని మార్టేరు. అక్కడ 1925లో వరి పరిశోధన స్థానం పెట్టారు. బి.పి.టి. అంటే బాపట్ల. ఆర్.ఎన్.ఆర్. అంటే హైదరాబాదులోని రాజేంద్రనగర్, జె.జి.ఎల్. అంటే జగిత్యాల. ఏ ఊళ్లో పుట్టిన రకానికి ఆ ఊరి గుర్తు అన్నమాట. 7029కి ముద్దుపేరు స్వర్ణ; అది 1982లో వచ్చింది. 5204 పేరు సాంబ మసూరి. అది 1986లో వచ్చింది. 2000లో వచ్చిన ఎం.టి.యు. 1010ని కాటన్‌దొర సన్నాలు అంటారు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరే అది.

సంచిమీద పేరు చూచిన తరువాత రైతు అడిగే మొదటి మాట “ఎన్ని రోజుల పంట?” అని. కాటన్‌దొర సన్నాలు విత్తిన నాటినుంచి సుమారు 120 రోజులకు కోతకు వస్తాయి. సాంబ మసూరికి సుమారు 150 రోజులు కావాలి. స్వర్ణ కూడా ఇంచుమించు అంతే.

ఈ 30 రోజుల తేడా ఎక్కడిది? మొక్క అంతటా నెమ్మదిగా పెరుగుతుందని మీరు అనుకోవచ్చు. అలా కాదు. దుబ్బులో చిరుపొట్ట మొదలైన దగ్గరనుంచి పూత వరకూ సుమారు 35 రోజులు, పూతనుంచి గింజ ముదిరే వరకూ సుమారు 30 రోజులు. ఈ 65 రోజులూ ఏ రకానికైనా దాదాపు ఒకటే. తేడా అంతా అంతకు ముందు, మొక్క వేరు తన్ని పిలకలు వేసే కాలంలో ఉన్నది. 120 రోజుల రకానికి అందుకు 55 రోజులే దొరుకుతాయి. 150 రోజుల రకానికి 85 రోజులు దొరుకుతాయి. అందువల్ల నాట్లు ఆలస్యమైనా, మధ్యలో నీరు చాలకపోయినా పెద్దకాలపు రకం కొంత తేరుకుంటుంది. చిన్నకాలపు రకానికి అంత వ్యవధి లేదు. కాలువ నీటికోసం దాని నారును మడిలోనే నెలన్నర ఉంచితే, నాటిన కొద్దిరోజులకే, నాలుగు పిలకలైనా వేయకముందే పొట్టకు వస్తుంది.

అయితే ఎప్పుడూ పెద్దకాలపు రకమే వేస్తే సరిపోదా? దానికి గాలివాన అడ్డం వస్తుంది. మన తీరానికి నవంబరు గండమాసం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమను ఊడ్చివేసింది. పండిన చేను అటువంటి గాలికి పడిపోతే, నీళ్లలో నానిన వెన్నులమీదనే గింజలు మొలకెత్తుతాయి.

కాబట్టి లెక్క వెనకనుంచి మొదలుపెట్టాలి. అక్టోబరు 31కి కోత కోయాలంటే 150 రోజుల విత్తనం ఎప్పుడు చల్లాలి? కాగితం తీసి లెక్కవేయండి. జూన్ 3 వస్తుంది. అది రోహిణి కార్తె. రోహిణిలో నారుపోయాలని పెద్దవాళ్లు ఎందుకు తొందరపడతారో ఇప్పుడు తెలిసిందా? 120 రోజుల రకమైతే జూలై 3న చల్లినా అక్టోబరు 31కే పండుతుంది. కాలువలకు నీరు ఆలస్యమయ్యే ఏడు అదే మేలు.

రోజుల లెక్క కుదిరినా పొలం ఒప్పుకోవాలి. పల్లపు చేలలో వాన నీరు దిగక నాట్లు మునిగిపోతాయి. మునిగిన వరి ఏం చేస్తుందో తెలుసా? గాలికోసం తలెత్తాలని గబగబా పొడుగు సాగుతుంది. ఆ పాటులో దాచుకున్న తిండి అంతా ఖర్చయి, నీరు తీసేసరికి చచ్చిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13 ఎ అనే రకం అలా చేయదు. నీళ్లలో కదలక మెదలక, ఉన్న తిండిని పొదుపుగా వాడుకుంటుంది. ఆ గుణాన్ని మన స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1 అనే రకాన్ని విడుదల చేశారు. అది సుమారు రెండు వారాలు నీట మునిగినా బ్రతుకుతుంది. నాకైతే ఇది కథలలోని మాయకంటె వింతగా తోస్తుంది!

సాంబ మసూరి అన్నం మంచిదే గాని, ఎండాకు తెగులు దాన్ని తేలికగా పట్టుకుంటుంది. హైదరాబాదు శాస్త్రజ్ఞులు తెగులును తట్టుకునే మూడు జన్యువులను దానిలో చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చారు. కిందటేడు తన చేను తెగులుతో ఎండిపోయిన రైతు ఇటువంటి కబురు మరువడు.

ఒక రైతుకు ఐదెకరాలు ఉన్నవనుకోండి. అందులో రెండు పల్లం, మూడు మెరక. అంతా ఒకే రకం వేస్తే పని సులువే. కాని ఒక్క తెగులో ఒక్క ముంపో వస్తే అంతా పోతుంది. అందుకని పల్లానికి మునిగినా నిలిచే రకం, మెరకకు మరొకటి వేస్తాడు. కృష్ణా డెల్టాలో మరొక ఆలోచన కూడా ఉంటుంది. అక్కడ వరికోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఉండగానే మినుములు చల్లుతారు. వరి ఆలస్యమైతే మినుమూ ఆలస్యమవుతుంది. అంటే వరి విత్తనం ఎంచుకునే రోజున రైతు మినుముల సంగతి కూడా తేలుస్తున్నాడన్నమాట.

రకం తేలింది, ఇక విత్తనం మంచిదో కాదో చూడాలి. కొనే విత్తనమైతే సంచికి చీటీ కట్టి ఉంటుంది. ధ్రువీకరించిన విత్తనానికి నీలిరంగు చీటీ, దానికి పై మెట్టు విత్తనానికి తెల్లచీటీ. ఆ చీటీని, రసీదును పంట ఇంటికి వచ్చేదాకా దాచాలి. చేలో వేరే రకం తేలితే సాక్ష్యం అవే. సొంత విత్తనమైతే కోతకు ముందే కేళీలను పీకివేసి, ఆ చేలో ధాన్యాన్ని విడిగా నూర్చి, బాగా ఎండబెట్టాలి. ధ్రువీకరించే విత్తనంలో తేమ నూటికి 13 పాళ్లకు మించరాదని నియమం.

మొలక పరీక్ష మాత్రం మీరే చేయవచ్చు. సంచి పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి గింజలు తీసి కలిపి, ఏరకుండా 100 లెక్కపెట్టండి. లావుపాటివి ఏరితే పరీక్ష దొంగపరీక్ష అవుతుంది! తడిపి పిండిన గుడ్డమీద వరుసగా పేర్చి, చాపలా చుట్టి నీడన పెట్టండి. గుడ్డ ఆరకూడదు, నీళ్లు కారకూడదు. వారం రోజులకు విప్పి, వేరూ మొలకా రెండూ చక్కగా వచ్చినవాటిని లెక్కించండి. 80కి తగ్గకుండా ఉంటే విత్తనానికి పనికివస్తుంది. 60 అయితే, 25 కిలోలు చల్లేచోట 33 కిలోలు చల్లాలి. దానికన్న వేరే విత్తనం చూచుకోవడం మేలు, ఎందుకంటే మొలిచిన ఆ 60లో కూడా నీరసమైనవి ఉంటాయి.

ఒక్క సంగతి. కోసిన కొత్తలో కొన్ని రకాలు మొలవనే మొలవవు. అవి చచ్చినవి కావు, నిద్రలో ఉన్నవి. కోతవేళ వాన పడితే వెన్నుమీద మొలవకుండా కాపాడేది ఆ నిద్రే. కొన్ని వారాలు పోయాక అదే మేలుకుంటుంది. అందుచేత పరీక్షను నారుమడికి ముందు, మే నెలలో పెట్టుకోండి. అప్పుడైతే విత్తనం మార్చుకోవడానికి వ్యవధి కూడా ఉంటుంది. వచ్చిన సంఖ్యను, రకం పేరునూ, తేదీనీ ఒక చీటీమీద రాసి మీ ఇంట్లో నారు పోసేవారి చేతికి ఇవ్వండి.