సోఫా గోడకు చేరితే స్పీకర్లకు చోటేదీ?

నెల్లూరు: సముద్రపు గాలి ధారాళంగా రావాలని తీరగ్రామాల్లో చాలామంది వీధివాకిలి, దొడ్డివాకిలి ఒకే వరుసలో పెట్టి ఇల్లు కడతారు. హాలు మధ్య నడకదారి వదలాలి గనుక సోఫా ఒక పక్క గోడకు, టి.వి. ఎదుటి గోడకు చేరతాయి. గాలికి ఇది మంచి ఏర్పాటే. కానీ సినిమాహాలు ధ్వని ఇంట్లో వినాలని సరౌండు స్పీకర్లు కొన్నవారికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వెనుక పెట్టవలసిన స్పీకర్లకు వెనుక జానెడు జాగా కూడా ఉండదు.

ఈ ముచ్చట కొత్తది కాదు. 1986లో కృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం. ఆరు ట్రాకుల స్టీరియో ధ్వని దాని ప్రత్యేకత. 2019లో అప్పటి నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేటలో భారీ తెరతో కొత్త థియేటరు వెలిసింది. అలాంటి హాళ్లలో పక్క గోడలకు, వెనుక గోడకు వరుసగా స్పీకర్లు ఉంటాయి. ఏ ఒక్కటీ ప్రేక్షకుడి చెవి పక్కన ఉండదు.

ఇంట్లో అలా కాదు. ఒకే పెట్టె రెండు మూడు అడుగుల దూరం నుంచి చెవిలో మోగుతుంది. సోఫా చివరి చోటు చాలా ఇళ్లలో పెద్దవారిది. కథలోని మాట వినపడక వాన చప్పుడో, గుంపు కేకలో మాత్రమే వినపడితే, వేలు పోసి కొన్న సెట్టు వారికి శిక్షే అవుతుంది.

ఏడు కాదు, అయిదు చాలు

దుకాణాల్లో 5.1, 7.1 అనే సెట్లు ఎక్కువగా కనిపిస్తాయి. 5.1లో ముందు మూడు, పక్కల రెండు స్పీకర్లు, బరువైన ధ్వనికి ఒక వూఫరు ఉంటాయి. 7.1లో వీపు వెనుకకు మరో రెండు చేరతాయి. సోఫా వెనుక కొన్ని అడుగుల ఖాళీ ఉంటేనే వాటికి ఫలితం. లేకుంటే తల వెనుక రొద తప్ప మరేమీ మిగలదు. ఆ డబ్బు ముందు వరుసలోని నడిమి స్పీకరుకు కేటాయించడం మేలు. మాటలు ఎక్కువగా వచ్చేది దాని నుంచే.

చెవికి పైన, కొంచెం వెనుక

టి.వి.ని నేరుగా చూసే దిశను సున్నా అనుకుంటే, పక్క స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు. అంటే చెవికి సూటిగా కాక, కాస్త వెనక్కి. ఇలాంటి హాలులో ద్వారబంధానికి, వెనుక గోడకు మధ్య మిగిలే కొద్దిపాటి గోడే దిక్కు. అక్కడ కూర్చున్నవారి చెవి కంటే రెండడుగుల ఎత్తున బిగించాలి. ముఖం దగ్గరి చోటువైపు కాక, తలల మీదుగా ఎదుటి గోడవైపు తిప్పాలి. రెండు దిశలకూ ధ్వనిని చిమ్మే రెండు ముఖాల స్పీకర్లు దొరికితే ఇలాంటి గదికి మరీ అనువు.

ధ్వని అడుగు దూరాన్ని సుమారు సెకనులో వెయ్యో వంతులో దాటుతుంది. దగ్గరి స్పీకరు ధ్వని ముందుగా చేరి మిగతావాటిని మింగకుండా ఆంప్లిఫయరులో దూరాలు నమోదు చేసే సదుపాయం ఉంటుంది. టేపుతో కొలిచి ప్రతి స్పీకరు దూరాన్నీ అందులో పెట్టాలి. పక్క స్పీకర్ల ధ్వనిని చివరి చోట కూర్చుని విని తగ్గించుకోవాలి. గోడ దగ్గర వూఫరు మోత పెరుగుతుంది. సోఫాను అడుగు ముందుకు జరిపినా కొంత తేడా తెలుస్తుంది. జరిపే వీలు లేకుంటే వూఫరునే తగ్గించాలి.

ఉప్పుగాలితో జాగ్రత్త

తీరంలో మరో శత్రువు ఉప్పుగాలి. స్పీకరు అంచుకు ఫోము ఉంటే వేడికి, తేమకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు మన్నుతుంది. కాగితపు కోను తేమ పీలుస్తుంది. పాలీప్రొపిలీన్ కోను పీల్చదు. రాగి తీగ కొసలు నల్లబడి, పచ్చబడి ధ్వని తెగిపోతుంది. తగరం పూత ఉన్న తీగ వాడి, కొసలను అప్పుడప్పుడు శుభ్రం చేయాలి. తీగను నడకదారి మీద కాక ద్వారబంధం పైనుంచి తీసుకుపోతే ఎవరి కాలికీ తగలదు.

కొనేముందు హాలు పొడవు, వెడల్పు, వాకిళ్ల స్థానం కాగితంపై గీసుకుని దుకాణానికి తీసుకుపోవడం మంచిది. అక్కడ నడిమి కుర్చీలో కాక పక్క స్పీకరుకు దగ్గరగా కూర్చుని, ధ్వని తగ్గించి, పోరాటం కాక మాటలున్న సన్నివేశం వినాలి. ఆ మాట తేటగా వినపడితేనే బేరమాడాలి.