ఉత్తమ ఆటగాడెవరు?

క్రికెట్‌లో గెలుపోటములను స్కోరుబోర్డు తేలుస్తుంది. ఉత్తమ ఆటగాడు ఎవరన్నది మాత్రం మనుషులు తేల్చాలి. అభిమానుల వాదాలన్నీ అక్కడే పుడతాయి. పాత పాలమూరు నుంచి 2016లో విడివడి జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ల వాళ్లు అంతర్జాతీయ మ్యాచ్‌ను మైదానంలో చూడాలంటే హైదరాబాద్‌లోని ఉప్పల్ దాకా పోవాలి. అయినా హైదరాబాద్ క్రికెటర్లు లక్ష్మణ్, మిథాలీ రాజ్, సిరాజ్‌ల పేరెత్తితే ‘మనోళ్లు’ అన్న మాట ముందే వస్తుంది. మనోళ్లకు రావలసిన బహుమతి వచ్చిందా లేదా అన్న చర్చ ఆ వెనకే మొదలవుతుంది.

ఈ చర్చ తెగకపోవడానికి కారణం తెలియాలంటే గద్వాల వైపు నడిగడ్డకు బాగా తెలిసిన మరో పోటీని చూడాలి. జాతరలప్పుడు జరిగే బండలాగుడులో ఎడ్ల జత నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగిందో అడుగుల్లో కొలుస్తారు. ఎక్కువ దూరం లాగిన జతదే మొదటి బహుమతి. అన్ని జతలనూ ఒకే వరసలో నిలబెట్టరు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు చేస్తారు. లేత గిత్తలను ముదురు ఎడ్లతో పోల్చడం అన్యాయమని రైతుకు తెలుసు. క్రికెట్‌లో అలాంటి కొలతా లేదు, విభాగాలూ లేవు. సెంచరీ కొట్టినవాడూ అయిదు వికెట్లు తీసినవాడూ ఒకే బహుమతికి పోటీ పడతారు.

2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టే ఇందుకు మంచి ఉదాహరణ. ఫాలోఆన్ ఆడుతున్న భారత్‌ను లక్ష్మణ్ 281 పరుగులతో నిలబెట్టాడు. ద్రావిడ్ 180 చేశాడు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. ‘మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్’ లక్ష్మణ్‌కు దక్కింది. అదే మ్యాచ్‌లో హర్భజన్ సింగ్ హ్యాట్రిక్‌తో కలిపి 13 వికెట్లు తీశాడు. టెస్టు గెలవాలంటే సాధారణంగా ఎదుటి జట్టును రెండుసార్లు ఆలౌట్ చేయాలి కాబట్టి హర్భజన్ తరఫున వాదించేవారి మాటలోనూ బలముంది. అయినా ఆ తీర్పు సరైనదే. ఓటమి దాదాపు ఖాయమైన చోట గెలుపు ఆశ పుట్టించింది లక్ష్మణ్ ఇన్నింగ్సే. అది లేకపోతే హర్భజన్ చివరి రోజు బంతి పట్టే అవకాశమే ఉండేది కాదు. మూడు టెస్టుల్లో 32 వికెట్లు తీసిన హర్భజన్‌కు ‘మ్యాన్ ఆఫ్ ది సిరీస్’ ఇచ్చారు. అదీ న్యాయమే.

2025 ఇంగ్లండ్ సిరీస్‌లో లెక్క అంత తేలిగ్గా తెగలేదు. ఆగస్టు 4న ఓవల్‌లో ఆఖరి రోజు ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లున్నాయి. ఆ నాలుగింటిలో మూడు సిరాజ్ తీశాడు. భారత్ 6 పరుగులతో గెలిచి సిరీస్‌ను 2-2తో సమం చేసింది. అంతకుముందు రోజు హ్యారీ బ్రూక్ 19 పరుగుల వద్ద ఇచ్చిన క్యాచ్‌ను సిరాజ్ పట్టి, వెనక్కి అడుగేసి బౌండరీ తాడును తొక్కాడు. బ్రూక్ 111 దాకా వెళ్లాడు. ఆ పొరపాటును మర్నాడు తన బౌలింగ్‌తోనే దిద్దుకోవడం అభిమానుల మనసులో నిలిచిపోయింది. మ్యాచ్‌లో 9 వికెట్లు తీసిన అతనే ‘ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్’ అయ్యాడు.

సిరీస్ బహుమతులు మాత్రం శుభ్‌మన్ గిల్‌కు, బ్రూక్‌కు వెళ్లాయి. అయిదు టెస్టులూ ఆడి, రెండు జట్లలోనూ అందరికన్నా ఎక్కువగా 23 వికెట్లు తీసిన సిరాజ్‌కు ఎందుకు రాలేదని తెలంగాణ అభిమానులు అడిగారు. జవాబు పద్ధతిలోనే ఉంది. అక్కడ ఒక్కో జట్టు కోచ్ ఎదుటి జట్టు నుంచి ఒకరిని ఎంచుతాడు. భారత జట్టు నుంచి ఎంచాల్సింది ఇంగ్లండ్ కోచ్ మెకల్లమ్. అతని ముందు 754 పరుగులు చేసిన కెప్టెన్ గిల్ ఉన్నాడు. అంటే సిరాజ్ పోటీ బ్రూక్‌తో కాదు, సొంత జట్టు సారథితోనే. నియమం తెలియకుండా బ్రూక్‌నూ సిరాజ్‌నూ పక్కపక్కన పెట్టి ఎంత వాదించినా ఫలితం ఉండదు.

అమెరికాలో బేస్‌బాల్ అభిమానులదీ ఇదే తగువు. 2012లో మిగెల్ కాబ్రెరా బ్యాటింగ్ సగటు, హోమ్ రన్‌లు, పరుగులు రాబట్టడం అనే మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. 1967 తర్వాత ఎవరూ చేయని ఘనత అది. కుర్రాడైన మైక్ ట్రౌట్ ఫీల్డింగ్, పరుగు వేగం కూడా లెక్కిస్తే అతనికన్నా మేలని కొత్త గణాంకాలు చెప్పాయి. ఉత్తమ ఆటగాడి పురస్కారానికి ఓటు వేసే క్రీడా విలేకరులు కాబ్రెరానే ఎన్నుకున్నారు. మొదటి స్థానానికి పడిన 28 ఓట్లలో 22 అతనివే.

గణాంకాలు చూసేటప్పుడు కాలాన్నీ చూడాలి. మిథాలీ రాజ్ వన్డేల్లో 7,805 పరుగులు చేసింది, సగటు 50కి పైనే. ఆమె నెమ్మదిగా ఆడుతుందని ఇప్పటి స్ట్రైక్ రేట్లతో పోల్చి తక్కువ చేయడం సరికాదు. ఆమె ఆడటం మొదలుపెట్టిన 1999లో మహిళల క్రికెట్‌కు టీవీ ప్రసారాలూ ఆదాయమూ దాదాపు లేవు. బండలాగుడులో పళ్లు చూసి విభాగం నిర్ణయించినట్టే ఆటగాళ్లనూ వారి కాలంవాళ్లతోనే తూచాలి. ఆ తూకంలో మిథాలీ ముందు నిలిచేవాళ్లు తక్కువ. 2021లో ఆమెకు ఖేల్ రత్న వచ్చింది.

పురస్కారాలు అన్నీ చెప్పవు, జట్టు ఎంపికలూ అన్నీ చెప్పవు. 134 టెస్టుల్లో 17 సెంచరీలు చేసిన లక్ష్మణ్‌కు 2001లో అర్జున, 2011లో పద్మశ్రీ దక్కాయి. వన్డే ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం అతనికి ఎన్నడూ రాలేదు.