యూనిట్ 9: జావా, స్కాలా భాషల మధ్య కలెక్షన్ల మార్పిడి

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• జావా కలెక్షన్లు, స్కాలా కలెక్షన్లు ఒకదాని స్థానంలో మరొకటి సూటిగా ఎందుకు సరిపోవో వివరించగలుగుతారు.
• తొడుగుకు, నకలుకు మధ్య ఉన్న భేదాన్ని గుర్తించగలుగుతారు.
• ఏ సందర్భంలో తొడుగు చాలునో, ఏ సందర్భంలో నకలు తప్పనిసరో నిర్ణయించగలుగుతారు.
• మార్పిడిలో తరచుగా జరిగే పొరపాట్లను ముందుగానే పసిగట్టగలుగుతారు.

గమనిక: క్లాసుల పేర్లను, మెథడ్ల పేర్లను ఈ యూనిట్‌లో ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇచ్చాం. ప్రోగ్రామ్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి.

9.1 పరిచయం

జావా భాషను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో విడుదల చేసింది. స్కాలా భాష రూపకల్పనను మార్టిన్ ఒడెర్‌స్కీ 2001లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరంలో, ఇ.పి.ఎఫ్.ఎల్. విద్యాసంస్థలో ప్రారంభించారు. ఈ రెండు భాషల ప్రోగ్రాములూ కంపైల్ అయిన తరువాత బైట్‌కోడ్‌గా మారి, జావా వర్చువల్ మెషిన్ మీదనే నడుస్తాయి. అందువల్ల స్కాలా ప్రోగ్రామ్ నుంచి జావా క్లాసును, జావా ప్రోగ్రామ్ నుంచి స్కాలా క్లాసును పిలవవచ్చు.

ఈ సౌలభ్యం వల్ల ఒక సంస్థలో పాత భాగం జావాలోను, కొత్త భాగం స్కాలాలోను ఉండటం సాధారణం. ఒక భాగం తయారుచేసిన జాబితాను మరొక భాగం అందుకోవలసి వస్తుంది. పూర్ణాంకం, స్ట్రింగ్ వంటి విలువలను అందించేటప్పుడు పెద్దగా ఇబ్బంది ఉండదు. లిస్ట్, సెట్, మ్యాప్ వంటి కలెక్షన్లను అందించేటప్పుడు మాత్రం మార్పిడి అవసరమవుతుంది. ఆ మార్పిడిలో నిజంగా జరిగేది ఏమిటో తెలియకపోతే, ఏ ఎర్రర్ సందేశమూ రాకుండానే ప్రోగ్రామ్ తప్పు ఫలితం ఇవ్వవచ్చు. ఈ యూనిట్‌లో ప్రధానంగా చర్చించే విషయం ఇదే.

9.2 రెండు భాషలలో కలెక్షన్లు

జావాలో కలెక్షన్ల వ్యవస్థ 1998లో వెలువడిన 1.2 వెర్షన్‌తో వచ్చింది. అందులో సాధారణంగా వాడే అర్రేలిస్ట్, హ్యాష్‌సెట్, హ్యాష్‌మ్యాప్ మూడూ మార్చదగినవి. అంటే, తయారైన తరువాత కూడా వాటిలో మూలకాలను చేర్చవచ్చు, తొలగించవచ్చు.

స్కాలాలో కలెక్షన్లు రెండు తెగలు. మొదటిది మార్చడానికి వీలులేనివి, రెండవది మార్చదగినవి. ప్రోగ్రామర్ ప్రత్యేకంగా ఏమీ చెప్పకుండా లిస్ట్ అనో, మ్యాప్ అనో రాస్తే స్కాలా మొదటి తెగనే తీసుకుంటుంది. ఇటువంటి లిస్ట్‌కు ఒక మూలకాన్ని చేరిస్తే పాత లిస్ట్ అలాగే ఉండి, కొత్త లిస్ట్ ఒకటి తయారవుతుంది.

పేరు ఒకటే అయినా జావా లిస్ట్, స్కాలా లిస్ట్ వేరువేరు టైపులు. జావా లిస్ట్‌ను కోరే మెథడ్‌కు స్కాలా లిస్ట్‌ను ఇస్తే కంపైలర్ అంగీకరించదు.

9.3 తొడుగు, నకలు

ఒక కలెక్షన్‌ను రెండవ భాషకు అందించే మార్గాలు రెండు.

తొడుగు: అసలు కలెక్షన్‌ను అలాగే ఉంచి, రెండవ భాష అర్థం చేసుకునే రూపంలో దాని మీద ఒక పొరను ఏర్పరచడం. దీనినే ర్యాపర్ అని కూడా అంటారు. దిండుకు గలీబు మార్చినప్పుడు పైకి రంగు మారుతుంది, లోపలి దూది మాత్రం అదే. అలాగే, తొడుగు ద్వారా ఏ మూలకాన్ని తొలగించినా అది అసలు కలెక్షన్ నుంచే పోతుంది. అసలు కలెక్షన్‌లో జరిగిన మార్పు తొడుగులోనూ కనిపిస్తుంది. తొడుగు వేయడానికి పట్టే కాలం కలెక్షన్ పరిమాణం మీద ఆధారపడదు. పది మూలకాలున్నా, పది లక్షలున్నా ఒకటే.

నకలు: మూలకాలన్నింటినీ ఒక కొత్త కలెక్షన్‌లోకి ఎక్కించడం. ఒక పత్రానికి జిరాక్స్ తీయించిన తరువాత అసలు పత్రంలో కొట్టివేతలు జరిగినా జిరాక్స్‌లో కనిపించవు. అలాగే నకలు తయారైన తరువాత రెండు కలెక్షన్లు విడివిడిగా ఉంటాయి. దీనికి పట్టే కాలం, మెమరీ మూలకాల సంఖ్యను బట్టి పెరుగుతాయి.

9.4 మార్పిడి మెథడ్లు

స్కాలా 2.13 వెర్షన్ 2019లో విడుదలైంది. అందులోను, స్కాలా 3లోను మార్పిడికి కావలసిన సదుపాయం స్కాలా.జెడికె.కలెక్షన్‌కన్వర్టర్స్ అనే చోట ఉంది. దానిని ఇంపోర్ట్ చేసుకుంటే రెండు మెథడ్లు అందుబాటులోకి వస్తాయి.

• యాజ్‌స్కాలా: జావా కలెక్షన్‌కు స్కాలా తొడుగు వేస్తుంది.
• యాజ్‌జావా: స్కాలా కలెక్షన్‌కు జావా తొడుగు వేస్తుంది.

యాజ్‌స్కాలాను వాడినప్పుడు జావా లిస్ట్ స్కాలాలో మార్చదగిన బఫర్‌గా, జావా సెట్ మార్చదగిన సెట్‌గా, జావా మ్యాప్ మార్చదగిన మ్యాప్‌గా కనిపిస్తాయి. యాజ్‌స్కాలా వేసిన తొడుగుకు మళ్ళీ యాజ్‌జావా వాడితే తొడుగు మీద తొడుగు పడదు. మొదట ఇచ్చిన జావా లిస్టే తిరిగి వస్తుంది.

ఈ రెండు మెథడ్లలో ఏదీ నకలు తీయదు. నకలు కావాలంటే మరొక అడుగు వేయాలి. జావా నుంచి తీసుకునేటప్పుడు యాజ్‌స్కాలా తరువాత టులిస్ట్, టుసెట్, టుమ్యాప్‌లలో తగినదాన్ని పిలవాలి. జావాకు ఇచ్చేటప్పుడు యాజ్‌జావాతో వచ్చిన తొడుగు నుంచి కొత్త అర్రేలిస్ట్‌ను నిర్మించాలి.

మార్పిడి జరిగే చోట మెథడ్ పేరును రాయాలనే నియమం మొదటి నుంచీ లేదు. స్కాలా 2.8 వెర్షన్ 2010లో వచ్చినప్పుడు జావాకన్వర్షన్స్ అనే సదుపాయం ఉండేది. దానిని ఇంపోర్ట్ చేస్తే అవసరమైన చోటల్లా కంపైలరే తొడుగు వేసేది. రాసేవారికి ఇది హాయిగా ఉన్నా, చదివేవారికి ఏ వరుసలో మార్పిడి జరిగిందో కనిపించేది కాదు. అందువల్ల 2016లో వచ్చిన 2.12 వెర్షన్‌లో దానిని వాడవద్దని హెచ్చరిక చేర్చి, 2.13లో పూర్తిగా తొలగించారు. పాత ప్రోగ్రాములను చదివేటప్పుడు మీకు ఈ పేరు ఎదురుకావచ్చు.

9.5 ఉదాహరణ: హాల్ టికెట్ల జాబితా

ఒక అధ్యయన కేంద్రంలో పరీక్షకు దరఖాస్తు చేసిన విద్యార్థులు 40 మంది అనుకుందాం. వారి వివరాలను జావా భాగం ఒక అర్రేలిస్ట్‌లో ఉంచింది. ఆ లిస్ట్‌తో రెండు పనులున్నాయి. మొదట స్కాలా భాగం ఫీజు చెల్లించినవారికి హాల్ టికెట్లు ముద్రిస్తుంది. తరువాత జావా భాగం, పరీక్ష నాటికి ఫీజు చెల్లించేవారిని కూడా దృష్టిలో ఉంచుకుని, 40 మంది పేర్లతో హాజరు పట్టికను ముద్రిస్తుంది.

స్కాలా భాగాన్ని రాసిన ప్రోగ్రామర్ యాజ్‌స్కాలాతో బఫర్‌ను తీసుకున్నాడు. ఫీజు బాకీ ఉన్న ముగ్గురిని సబ్‌ట్రాక్ట్‌ఆల్ మెథడ్‌తో అందులో నుంచి తొలగించాడు. 37 హాల్ టికెట్లు సరిగానే వచ్చాయి. కాని ఆ బఫర్ ఒక తొడుగు మాత్రమే. ముగ్గురి పేర్లు జావా లిస్ట్ నుంచి కూడా పోయాయి. హాజరు పట్టికలో 37 పేర్లే వచ్చాయి. ఆ ముగ్గురూ మరునాడు ఫీజు చెల్లించి పరీక్షకు వస్తే, పట్టికలో తమ పేర్లు ఉండవు.

ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు, కంపైలర్ హెచ్చరించలేదు. స్కాలా భాగాన్ని విడిగా పరీక్షించినా, జావా భాగాన్ని విడిగా పరీక్షించినా తప్పు బయటపడదు. రెండూ ఒకే లిస్ట్‌ను పంచుకున్నప్పుడే పడుతుంది.

దీనిని సరిచేయడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, తొలగించడానికి బదులు ఫిల్టర్ మెథడ్‌ను వాడడం. ఫిల్టర్ అసలు కలెక్షన్‌ను ముట్టుకోదు. ఎంపికైన మూలకాలతో కొత్త కలెక్షన్‌ను ఇస్తుంది. రెండవది, జాబితా చేతికి అందిన వెంటనే యాజ్‌స్కాలా, టులిస్ట్ రెండింటినీ వరుసగా పిలిచి నకలు తీసుకోవడం. అప్పుడు చేతిలో ఉన్నది మార్చడానికి వీలులేని లిస్ట్ కాబట్టి, తొలగించే మెథడ్‌ను పొరపాటున వాడబోయినా కంపైలరే అడ్డుకుంటుంది. రెండవ మార్గంలో మరొక మేలు కూడా ఉంది: ఆ తరువాత జావా భాగం తన లిస్ట్‌ను మార్చినా హాల్ టికెట్ల పని చెదరదు.

9.6 గుర్తుంచుకోవలసిన జాగ్రత్తలు

1. మార్చలేని కలెక్షన్‌కు తొడుగు: స్కాలాలోని మార్చలేని లిస్ట్‌ను యాజ్‌జావాతో అందిస్తే, జావా వైపు యాడ్ మెథడ్ కనిపిస్తుంది. కాని దానిని పిలిస్తే అన్‌సపోర్టెడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది. ఎదురు దిశలోనూ ఇంతే. జావాలో లిస్ట్.ఆఫ్ ద్వారా చేసిన లిస్ట్ మారదు. దానికి యాజ్‌స్కాలా వాడితే బఫర్ అనే టైపే వచ్చినా, మార్చబోతే అదే ఎక్సెప్షన్ వస్తుంది.

2. అంకెల టైపు: స్కాలాలోని ఇంట్, జావాలోని ఇంటీజర్ ఒకటి కావు. ఇంట్ మూలకాలున్న లిస్ట్‌కు యాజ్‌జావా వాడి, ఇంటీజర్ లిస్ట్‌ను కోరే జావా మెథడ్‌కు ఇస్తే కంపైలర్ తిరస్కరిస్తుంది. ముందుగా మ్యాప్ మెథడ్‌తో ప్రతి మూలకాన్నీ ఇంట్.బాక్స్ ద్వారా మార్చి, తరువాత యాజ్‌జావా వాడాలి.

3. లోపలి పొరలు: మార్పిడి పై పొరకే జరుగుతుంది. లిస్ట్‌లో లిస్టులున్నప్పుడు బయటి లిస్ట్‌కు మాత్రమే తొడుగు పడుతుంది. లోపలివాటిని మ్యాప్ మెథడ్‌తో ఒక్కొక్కటిగా మార్చుకోవాలి.

4. నకలు లోతు: నకలు తీసినప్పుడు లిస్ట్ కొత్తదే కాని, అందులోని విద్యార్థి ఆబ్జెక్టులు పాతవే. ఒక విద్యార్థి ఆబ్జెక్టులో చిరునామా మారిస్తే ఆ మార్పు రెండు లిస్టులలోనూ కనిపిస్తుంది.

5. వేగం: స్కాలా లిస్ట్ గొలుసు వంటిది. అందులో ఐదువేలవ మూలకాన్ని చేరడానికి మొదటి నుంచి నడుచుకుంటూ పోవాలి. యాజ్‌జావా తొడుగు ఈ స్వభావాన్ని మార్చదు. 10,000 మూలకాలను జావాలో గెట్ మెథడ్‌తో సూచిక వారీగా చదివితే దాదాపు 5 కోట్ల అడుగులు పడతాయి. జావా వైపు సూచికతో చదువుతారని తెలిస్తే స్కాలా వైపు లిస్ట్‌కు బదులు వెక్టర్‌ను వాడాలి.

6. నల్ విలువలు: జావా మ్యాప్‌లో లేని కీని అడిగితే నల్ వస్తుంది. యాజ్‌స్కాలా తరువాత గెట్ మెథడ్‌తో అడిగితే నన్ వస్తుంది. ఇది సురక్షితమే. అయితే జావా లిస్ట్‌లో మూలకంగా ఉన్న నల్ మాత్రం స్కాలాలోకి నల్‌గానే వస్తుంది.

7. వెర్షన్ భేదం: బఫర్‌కు టుసెక్ మెథడ్ వాడితే 2.13లో నకలు వస్తుంది. 2.12లో అదే బఫర్ తిరిగి వస్తుంది. పాత వెర్షన్‌లో పనిచేసేవారు నకలు కోసం టులిస్ట్ లేదా టువెక్టర్ వాడటం మేలు.

9.7 ఏది ఎప్పుడు?

మార్పిడి రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ కలెక్షన్ ఎవరిది? అందించిన తరువాత రెండు భాగాలలో ఏదైనా దానిని మారుస్తుందా? అందుకున్న భాగం దానిని ఎంతకాలం తన దగ్గర ఉంచుకుంటుంది?

ఒకసారి చదివి వదిలేసే పనికి తొడుగు చాలును. పెద్ద కలెక్షన్లలో అదే పొదుపు. ఒక భాగం చేసిన మార్పు రెండవ భాగానికి చేరాలనే ఉద్దేశం ఉంటే తొడుగే కావాలి. కలెక్షన్‌ను దాచుకోవలసి వచ్చినా, అవతలి భాగం ఏం చేస్తుందో తెలియకపోయినా నకలు తీసుకోవాలి. నకలుకు అయ్యే ఖర్చు ముందే కనిపిస్తుంది. తొడుగు వల్ల జరిగే పొరపాటు ఖర్చు పరీక్ష రోజున కాని బయటపడకపోవచ్చు.

9.8 సారాంశం

జావా, స్కాలా ఒకే వర్చువల్ మెషిన్ మీద నడిచినా వాటి కలెక్షన్లు వేరు. యాజ్‌స్కాలా, యాజ్‌జావా మెథడ్లు తొడుగు మాత్రమే వేస్తాయి. కాబట్టి ఒకవైపు జరిగిన మార్పు రెండవ వైపు కూడా కనిపిస్తుంది. నకలు కోసం టులిస్ట్ వంటి మెథడ్‌ను అదనంగా పిలవాలి. మార్చే హక్కు ఎవరిదో తేల్చుకున్న తరువాతే తొడుగా, నకలా అన్నది నిర్ణయించాలి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. యాజ్‌స్కాలా తరువాత యాజ్‌జావా వాడితే ఏమి లభిస్తుంది?
2. స్కాలా మార్చలేని లిస్ట్‌కు జావా వైపు యాడ్ పిలిస్తే ఏమవుతుంది?
3. 40 మంది ఉన్న జావా లిస్ట్‌కు యాజ్‌స్కాలా, టులిస్ట్ వాడిన తరువాత జావా భాగం ఇద్దరిని చేర్చింది. స్కాలా లిస్ట్‌లో ఎందరుంటారు?

సమాధానాలు: 1. మొదట ఇచ్చిన జావా లిస్టే. 2. అన్‌సపోర్టెడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది. 3. 40 మంది, అది నకలు కాబట్టి.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. జావాకన్వర్షన్స్ సదుపాయాన్ని స్కాలా నుంచి తొలగించడానికి కారణం ఏమిటి?
2. నకలు తీసిన తరువాత కూడా రెండు కలెక్షన్లు పంచుకునేది ఏమిటి? ఉదాహరణతో రాయండి.

II. ఈ కింది ప్రశ్నకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. తొడుగు, నకలు పద్ధతులను పోల్చి, హాల్ టికెట్ల ఉదాహరణలో జరిగిన పొరపాటును, దానిని సరిచేసే మార్గాలను వివరించండి.