పసికందు ఒంటి మీద గడ్డ: రేడియేషన్ ఎప్పుడు, ఎందుకు?

పుట్టిన బిడ్డ ఒంటి మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే చాలు, ఇంట్లో పెద్దవాళ్లు నజర్ అనో, గ్రహణం అనో అంటారు. ఆ మచ్చ ఉబ్బెత్తుగా ఉండి, మొదటి నెలల్లో పెరుగుతుంటే అది చాలావరకు హెమాంజియోమా అనే రక్తనాళాల గడ్డే. ఏడాది దాటాక మెల్లగా తగ్గిపోతుంది. ఎక్కువమంది పిల్లలకు మందు కూడా అక్కర్లేదు.

కానీ చాలా అరుదుగా ఇంకో రకం గడ్డ వస్తుంది. పేరు కపోసీఫామ్ హెమాంజియోఎండోథీలియోమా. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, లక్షణాలు గుర్తుంటే చాలు. తొడ మీదో, చేతి మీదో, మెడ దగ్గరో గట్టిగా, ఊదా రంగులో ఉంటుంది. ఉన్నట్టుండి ఉబ్బి, చుట్టూ కమిలినట్టు నల్లబడితే ప్రమాదం మొదలైనట్టే.

డెంగ్యూ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అంటే ఏమిటో ఇప్పుడు ఇంటింటా తెలుసు. మామూలుగా లక్షన్నర పైన ఉండాల్సినవి ఈ పిల్లల్లో పది, ఇరవై వేలకు పడిపోవచ్చు. గడ్డలోని నాళాలు వాటిని పట్టేసుకుంటాయి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ కూడా అక్కడే ఖర్చయిపోతుంది. దీంతో మిగతా ఒంట్లో ఎక్కడైనా రక్తస్రావం కావచ్చు. దీన్నే కసాబాక్-మెరిట్ అంటారు.

ఇక్కడే చాలామంది కంగారు పడతారు. "ప్లేట్‌లెట్లు ఎక్కించరేం?" అని డాక్టర్లతో గొడవ పెట్టుకుంటారు. ఎక్కించినవి కూడా ఆ గడ్డలోకే పోతాయి, గడ్డ ఇంకా ఉబ్బుతుంది. అందుకే రక్తస్రావం జరుగుతున్నప్పుడో, ఆపరేషన్‌కు ముందో తప్ప ఎక్కించరు.

మరి రేడియేషన్ సంగతి? 1940లో అమెరికా డాక్టర్లు కసాబాక్, మెరిట్ ఈ సమస్యను మొదటిసారి వివరించినప్పుడు ఆ పసివాడికి చేసింది రేడియేషన్ వైద్యమే. గడ్డ కుంచించుకుపోయింది, బిడ్డ బతికాడు. ఆ రోజుల్లో మామూలు హెమాంజియోమాలకు కూడా రేడియేషన్ వాడేవారు. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో 1920 నుంచి 1959 వరకు వేలమంది పసిపిల్లలకు రేడియం పెట్టారు. వాళ్లు పెద్దయ్యాక పరిశీలిస్తే థైరాయిడ్, రొమ్ము క్యాన్సర్లు మామూలు కంటే ఎక్కువగా కనిపించాయి. తనంతట తగ్గిపోయే మచ్చకు అంత మూల్యం చెల్లించారన్నమాట.

ఎదిగే ఎముక మీద రేడియేషన్ పడితే ఆ కాలు, చెయ్యి పొట్టిగా ఉండిపోవచ్చు. కదలకుండా పడుకోబెట్టడానికి పసికందుకు మత్తు కూడా ఇవ్వాలి. అందుకే ఇప్పుడు ముందు స్టెరాయిడ్లు, విన్‌క్రిస్టిన్, సిరోలిమస్ లాంటి మందులు వాడతారు. సిరోలిమస్ కిడ్నీ మార్పిడి రోగులకు ఇచ్చే మందే, ఈ గడ్డల మీద బాగా పనిచేస్తోంది. గడ్డ మొత్తం తీసేయగలిగేలా ఉంటే ఆపరేషన్ చేస్తారు.

ఇవేవీ పనిచేయక, ప్రాణం మీదికి వచ్చినప్పుడే రేడియేషన్. పెద్దల క్యాన్సర్‌కు ఇచ్చే దాంట్లో చిన్న వంతు మోతాదే, అదీ విడతలుగా. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే రిస్కు ఒకవైపు, ఈ వారమే బిడ్డ చేజారే రిస్కు ఇంకోవైపు. డాక్టర్ ఆ మాట ఎత్తితే మిగతా మందులన్నీ వాడారా, గడ్డ చుట్టూ ఏ అవయవాలు ఉన్నాయి, తర్వాత ఎన్నేళ్లు చూపించుకోవాలి అని అడగండి. ఆ కాగితాలు బిడ్డ పెళ్లీడుకు వచ్చినా పారేయొద్దు.

మన ఇళ్లకు సంబంధించి కొన్ని జాగ్రత్తలు. ఆ గడ్డ మీద మాలిష్ చేయొద్దు. అఖీఖా రోజు తల గుండు చేయించేటప్పుడు నెత్తి మీద గడ్డ ఉంటే బ్లేడు పెట్టనివ్వొద్దు. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలు సరిగ్గా వచ్చేదాకా ఖత్నా వాయిదా వేయండి. సిరోలిమస్ లేదా స్టెరాయిడ్ వాడుతుంటే టీకాలు వేయించే ముందు ఆ సంగతి చెప్పాలి, కొన్ని టీకాలు ఆపాల్సి ఉంటుంది. గడ్డ ఒక్కసారిగా ఉబ్బినా, ఒంటి మీద ఎర్రటి చుక్కలు వచ్చినా, బిడ్డ పాలు తాగక పాలిపోయినా తెల్లారేదాకా ఆగకుండా పిల్లల ఆసుపత్రికి వెళ్లాలి.