పాత కారు ఇంజనునకు ఇంటి మెఱుగు

మన యిండ్లలో సిల్వరు గిన్నెయని వాడుకగా బిలుచు పాత్రయందు వెండి రవంతయు లేదు. అది అల్యూమినియము. పాత కారు ముందఱి మూత నెత్తి చూచినచో అదే లోహము ఇంజనుపైనను కానవచ్చును. గిన్నెను తళతళలాడించుట యెఱిగిన చేతులకు ఇంజను భాగములకు మెఱుగు పెట్టుట బొత్తిగా కొత్తవిద్య కాదు. అయితే వంటయింటి యలవాటులు కొన్ని యిచ్చట కీడు చేయును. గిన్నె చెడినచో సంతలో మఱియొకటి దొరకును. అంబాసిడరు కారుల తయారీ 2014లోనే నిలిచిపోయినది, ఫియట్టులది అంతకుముందే ముగిసినది. చెడిన భాగమునకు బదులు వెదకుట యెంతకష్టమో పాతకారు గలవారి నడిగిన దెలియును. అందుచేత సోదరీమణులకు ఈ నాలుగు మాటలు మనవిచేయుచున్నాము.

ఈ లోహము మట్టిలోను ఱాతిలోను కలసిపోయి యుండును. 1825లో డెన్మార్కు దేశపు పండితుడు ఎర్‌స్టెడ్డు దానిని మొట్టమొదట వేఱుచేసెను. 1886లో అమెరికాయందు హాలు, ఫ్రాన్సునందు హెరూలు అను యువకులిద్దఱు, ఒకరి సంగతి యొకరెఱుగకయే, విద్యుచ్ఛక్తిచే దానిని దీయు ఉపాయమును గనిపెట్టిరి. అంతవఱకు ధనికుల సొమ్ముగా నుండినది చౌకబడినది. పిదప పండ్రెండేండ్లకు, 1898లో, చెన్నపట్టణపు చిత్రకళాపాఠశాలయందు ఆల్‌ఫ్రెడ్ ఛాటర్‌టన్ దొర అల్యూమినియపు పాత్రలు చేయించుటకు మొదలిడెను. అనంతపురముజిల్లా అప్పుడు ఆ రాజధానిలోనిదే. ఇత్తడికివలె కళాయి పూయింప నక్కఱలేని యీ తేలికపాత్ర గృహిణులకు నచ్చుటలో వింతలేదు.

తేలికయగుటచేతనే యిది ఇంజనులకును పనికివచ్చినది. ఇనుముతో పోల్చిన మూడవవంతు బరువు. వేడిని త్వరగా వెలికి బంపును. ఫియట్టు 1100 కారు ఇంజను దిమ్మె ఇనుముది, దానిపై తల అల్యూమినియముది. అంబాసిడరునకు దిమ్మెయు తలయు ఇనుమే. మెఱుగునకు దగినవి చిన్న భాగములే యుండును. ఏది యేదో తెలియనిచో అయస్కాంతము నానించి చూడవలెను. అది పట్టుకొన్నది అల్యూమినియము కాదు. పట్టుకొననిదెల్ల అల్యూమినియమనియు అనుకొనరాదు. తుత్తునాగము కలిపి పోతపోసిన కార్బురేటరులు కూడ కలవు. చేతబట్టిన బరువుగా నుండును. నేటి కారులలో అల్యూమినియము పాలు మఱింత హెచ్చు. పెనుకొండకడ ఎర్రమంచియందు 2019నుండి కియా కారులు తయారగుచున్నవి గదా. అట్టి కొత్తబండ్ల ఇంజనుపై ప్లాస్టికు మూత బిగించి లోహమును కనబడనీయరు. అందము పాతవానిదే యని మా తలంపు.

ఇనుము త్రుప్పుపట్టి పొరలు పొరలుగా రాలును. అల్యూమినియమునకు గాలి సోకిన మఱుక్షణమే కంటికానని పలుచని పొర యేర్పడి, లోపలి లోహమును అదియే కాపాడును. మెఱుగు పెట్టుటయనగా ఆ పొరతోపాటు గీతలుపడిన పైభాగమును అరగదీసి నునుపు చేయుట. పొర మరల తానే వచ్చును. అరగిన లోహము మాత్రము రాదు. కావున ఎచ్చట అరగదీయవచ్చునో, ఎచ్చట వలదో ముందుగా నెఱుగవలెను. రెండు భాగములు కలసి బిగియు చదునైన అంచులను ముట్టరాదు. అవి యేమాత్రము వంకరయైనను చమురో నీరో కారును. కొన్ని కారులకుండు ఎస్.యూ. కార్బురేటరుపై గంటవంటి అల్యూమినియపు బుడ్డి యొకటి యుండును. దాని వెలుపల ఎంత మెఱుగైనను పెట్టవచ్చును, లోపల మాత్రము వలదు. అందులో పైకి క్రిందికి నాడు ముషలము ఆ బుడ్డికే సరిపోవునట్లు జతచేయబడినది. లోపలిభాగము అరగెనా, ఇంజను సరిగా ఊపిరి తీయదు. ఇంజనుపై చెక్కిన సంఖ్యను సయితము అరగదీయకుడు. పదునైదేండ్లు దాటిన కారు పత్రములను తిరిగి వ్రాయించుకొనవలసినపుడు అధికారులు ఆ సంఖ్యనే చూతురు.

ఇక వంటయింటి యలవాటుల మాట. కట్టెబూడిదతో గిన్నె తోముట మన పెద్దల పద్ధతి. అది ఇత్తడికి మంచిది. బూడిదలోను చాకలిసోడాలోను గల క్షారము అల్యూమినియమును నల్లబఱచును. కాస్టిక్ సోడాలో నానవేసినచో బుసబుస పొంగి లోహమే కరగిపోవును. అప్పుడు వెలువడు హైడ్రోజను వాయువు నిప్పు సోకిన భగ్గుమనును. చింతపండు ఉప్పును కలిపి రుద్దుట రెండవది. గిన్నె నలుపు దానితో వదలునుగాని, కడుగక కొంతసే పుంచిన సన్నని గుంటలు పడును. ఇనుపపీచు మూడవది, దాని తునకలు మెత్తని లోహములో గ్రుచ్చుకొని, తరువాత త్రుప్పుచుక్కలై బయటపడును.

చల్లారిన ఇంజనునుండి, బాటరీ తీగ విప్పిన పిదప, భాగమును విడదీయవలెను. భాగము బండిమీద నుండగానే గరుకుకాగితముతో రుద్దువారు కలరు; ఆ పొడి ఇంజనులో బడినచో మెఱుగు మాట దేవుడెఱుగు, ఇంజనే అరగిపోవును. విప్పినచోట తెఱచియున్న రంధ్రములను శుభ్రమైన గుడ్డతో మూయుడు. జిడ్డును ఆరుబయట, పొయ్యికి దూరముగా, కిరసనాయిలుతో తుడిచి, పాత్రలు కడుగు సబ్బునీటితో కడుగవలెను. కదిరినుండి మదనపల్లె పోవు బాటలోని నల్లచెరువువంటి మెట్ట యూళ్లలో బోరునీరు తఱచు కఠినముగా నుండును. భాగమును తడిగా వదలినచో తెల్లని మచ్చలు కట్టును. వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, నీడలో ఆఱనిండు.

ఉప్పుకాగితము తడిపియే వాడవలెను, పొడి యెగురదు. పోతగరుకు మిక్కుటముగా నున్న 240 అంకెతో మొదలిడి 320, 400, 600, 1000 వఱకు పోవలెను. ఒక్కొక్క అంకెకు చేతి దిక్కు మార్చుడు. ముందటి గీతలన్నియు మాయమైనవఱకు తరువాతి కాగితమును ముట్టరాదు. ఓపికకు పరీక్ష యిదియే. 320 కాగితపు గీత యొక్కటి మిగిలిన, కడకు అద్దమువలె మెఱసినపుడే అది మనల వెక్కిరించును.

పిదప గుడ్డచక్రమును బిగించిన డ్రిల్లుతో, మొదట గోధుమరంగు మెఱుగుబిళ్లను, తరువాత తెల్లబిళ్లను పూసి రుద్దుదురు. చక్రము లేనివారు చేతితోనే బ్రాసోవంటి ద్రవముతో రుద్దవచ్చును. ఆలస్యమగును, అపాయము తక్కువ. చక్రమువద్ద కూర్చుండునపుడు కొంగు నడుమునకు బిగించి, జడ ముడిచి, గాజులు తీసి, కంటికి అద్దములు, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. కొంగు చక్రమునకు జిక్కిన క్షణములో చేయి లోనికి పోవును. పిల్లలను ఆ దరికి రానీయకుడు. ఇనుము అరగదీసిన చక్రమునకు అల్యూమినియము ఆనింపవలదు. పొడి రెండును కలసిన నిప్పురవ్వకు అంటుకొనును. అల్యూమినియపు పొడి మండినపుడు నీరు చల్లుట మఱింత ప్రమాదము. పొడియిసుక గంపెడు దగ్గఱ నుంచుకొనుడు.

రుద్దుచుండగా గుడ్డ నల్లనగును. అది మురికి కాదు, అరగిన లోహమే. ఆ గుడ్డలను, కుంచెలను వంటయింటి తోముడుసామానులో కలుపరాదు. ఎక్కువ వేడెక్కని భాగములకు పలుచగా మైనము పూసిన కొన్నినెలలు కాంతి నిలుచును. వేడిభాగములకు మైనము నిలువదు, నెలకొకసారి తుడుచుకొనుటయే.

తిరిగి బిగించునపుడు కొత్త గాస్కెట్టు వేయుడు. అల్యూమినియములోని మరలు మెత్తనివి. బోల్టులను మొదట చేతితోనే త్రిప్పి, ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒక పర్యాయము బండిని నడిపి, మఱునాటి యుదయమున ఇంజను క్రింద పఱచిన కాగితముపై చమురుచుక్క పడినదేమో చూచుకొనవలెను.